మామిడికుదురు ఏ ట్యాగులో ఉంది?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా మామిడికుదురు రాత్రికి రాత్రే తూర్పు గోదావరిలోంచి కోనసీమ జిల్లాలోకి వచ్చేసింది. ఊరు అక్కడే ఉంది, వైనతేయ అక్కడే పారుతోంది. కదలాల్సిందల్లా నా ఎక్స్ఎంఎల్ ఫైలు.

అప్పట్లో నేను చూసే అడ్రసుల ఫైల్లో జిల్లా ట్యాగులో మండలం, మండలంలో ఊరు ఉండేవి. "ఏముంది, మండలాలు పీకి కొత్త జిల్లాలో పెట్టడమేగా" అనుకుని ఎక్స్ఎస్ఎల్‌టి మొదలెట్టా. రన్ చేస్తే ట్యాగులన్నీ మాయం! ఊళ్ళ పేర్లు మాత్రం వరదలో కొట్టుకొచ్చిన కొబ్బరికాయల్లా ఒకటే వరస. దీంతో పనిచేసినవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మనం టెంప్లేటు రాయని ట్యాగుని అది వదిలేసి, లోపలి అక్షరాల్ని మాత్రం బయటపెడుతుంది. అందుకే ముందు "కనబడ్డదాన్ని కనబడ్డట్టే కాపీ చెయ్యి" అని ఐడెంటిటీ టెంప్లేటు పెట్టాలి. మారాల్సిన వాటికే వేరే టెంప్లేట్లు. అది పెట్టాక మండలాలు బుద్ధిగా కొత్త జిల్లాలో కూర్చున్నాయి.

కానీ జిల్లాని నేను పేరుతో పోల్చాను. ఆగస్టులో అదే జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అయింది. మళ్ళీ అన్నిచోట్లా వెతుకులాట. కోడ్ వాడి ఉంటే ఒక్క లైను మార్చేవాణ్ణి. (ఆ పేరు గొడవలో మే 24న అమలాపురంలో ఇళ్ళే తగలబెట్టారు. దానిముందు నా తిప్పలో లెక్కా?)

అసలు దెబ్బ తర్వాత తగిలింది. అవే ఊళ్ళని అసెంబ్లీ నియోజకవర్గాల వారీగా ఇమ్మన్నారు. మండలాల్ని అలాగే ఎత్తి నియోజకవర్గాల కింద సర్దేసి పంపించేశా. మామిడికుదురు మండలం మొత్తం పి.గన్నవరం కిందకి పోయింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాటల్లో చెబితే మా నాన్నగారు, "మండలంలో కొన్ని ఊళ్ళది రాజోలు కదరా!" అన్నారు.

నిజమే. మా మండలం రెండు ముక్కలు. అప్పనపల్లి పి.గన్నవరంలో, మరికొన్ని ఊళ్ళు రాజోలులో. మండలం ఒకే జిల్లాలో ఉంటుంది, నియోజకవర్గం దగ్గరకొచ్చేసరికి చీలిపోతుంది. ఒక ట్యాగుకి ఇద్దరు తల్లులు కుదరరు. తప్పు స్టైల్‌షీటుది కాదు, మండలాన్ని విడదీయకూడని మూటగా చూసిన నాది.

ఈసారి ఊళ్ళన్నీ ఒకే వరసలో పరిచి, ఒక్కోదానికి మండలం, జిల్లా, నియోజకవర్గం కోడ్లు తగిలించా. జిల్లాల చెట్టుకో స్టైల్‌షీటు, నియోజకవర్గాల చెట్టుకో స్టైల్‌షీటు. 2007లో వచ్చిన 2.0 అయితే ఫర్-ఈచ్-గ్రూప్‌తో సులువుగా అయిపోయేది. మా దగ్గరున్నది 1999 నాటి 1.0. దాంట్లో స్టీవ్ మ్యూంచ్ పద్ధతే గతి: కీతో ఒక్కో నియోజకవర్గంలో మొదటి ఊరిని పట్టుకుని, దాని వెనక మిగతావాటిని లాగడం. మొదటిసారి చదివితే తల తిరుగుతుంది, మూడోసారికి అలవాటవుతుంది.

మా మండలం గురించి చెప్పడానికి నాన్నగారున్నారు. మిగతా మండలాలకి ఎవరున్నారు? ఆ వారమంతా 2008 నాటి డీలిమిటేషన్ ఉత్తర్వు ముందేసుకుని, ముక్కలైన ప్రతి మండలంలో ఊరూరూ సరిచూసి, ఫైలు మళ్ళీ పంపించా.