ఏ పుస్తకం కొనాలి?

మన ఇళ్ళలో పిల్లల చదువుకు ఖర్చు పెట్టడానికి వెనుదీసేవారు తక్కువ. ఫీజు కడతాము, హాస్టలు చూస్తాము, అవసరమైతే నగ కుదువ పెడతాము. కాని “ఏ పుస్తకం చదవాలి?” అని పిల్ల అడిగితే మాత్రం, “మీ ప్రొఫెసరుగారిని అడుగమ్మా” అని తప్పుకొంటాము. ఒక్కొక్కప్పుడు ఆ ప్రశ్న మీదనే చదువంతా ఆధారపడి ఉంటుంది.

మదురైలో ఉన్న మా అక్క కూతురు గణితంలో ఎం.ఎస్సి. ముగించి, సంభావ్యతా శాస్త్రంలో పరిశోధనకు పోవాలనుకొన్నది. నలుగురిని అడిగితే నలుగురూ నాలుగు పుస్తకాలు చెప్పారు. అందులో పెద్ద పేరున్నదానిని లైబ్రరీ నుండి తెచ్చుకొని ఆరు నెలలు కుస్తీ పట్టింది. నలభయ్యో పేజీ దాటలేదు. “మామా, నాకంత బుర్ర లేదు. బ్యాంకు పరీక్షకు కట్టేస్తాను” అన్నది. బ్యాంకు ఉద్యోగం మంచిదే. కాని చేతికందిన పుస్తకం తగనిదైనందుకు, తనకు తెలివి లేదని ఒక పిల్ల తీర్మానించుకోవడం మంచిది కాదు. కోయంబత్తూరులో గణితం చెప్పి బ్రతికినవాణ్ణి గనుక, వారం రోజులు మా ఇంటికి రమ్మన్నాను.

చిక్కు ఎక్కడున్నదంటే, కాలేజీలో నేర్చే సంభావ్యత చాలావరకు లెక్కపెట్టడమే. పాచికలు, పేకముక్కలు, సంచిలో ఎర్ర బంతులు, తెల్ల బంతులు. కాని నాణెం అంతం లేకుండా ఎగురవేస్తూ పోతామనుకోండి. బొమ్మా బొరుసూ ఫలానా వరుసలోనే రావడానికి సంభావ్యత సున్న. ఏ వరుసకైనా అంతే. అయినా ఏదో ఒక వరుస రాక తప్పదు! ఇక్కడ లెక్కపెట్టడం చాలదు, కొలవాలి. 1933లో రష్యా గణితవేత్త కొల్మొగోరోవ్ ఈ శాస్త్రాన్ని కొలత సిద్ధాంతం మీద నిలబెట్టాడు. కాలేజీవారు దీనినే మెజర్ థియరీ అంటారు. పై మెట్టు పుస్తకాలకు పునాది అదే. ఆ పునాదిని తామే వేసి చూపించేవి కొన్ని, వేసుకొని రమ్మనేవి కొన్ని. పుస్తకం ఎంచుకొనేటప్పుడు ముందుగా చూడవలసినది ఇదే.

ఫెల్లర్ మొదటి సంపుటం (1950) ఉదాహరణల గని. కాని అది లెక్కపెట్టే దారిలోనే సాగుతుంది. 1966లో వచ్చిన రెండవ సంపుటంలో గాని కొలత రాదు. కై లాయ్ చుంగ్ పుస్తకం (1968) పునాది ఉన్నవారికి చక్కనిది. 2001 ముద్రణలో ఆ పునాదిని అనుబంధంగా చేర్చారు. బిల్లింగ్స్‌లీ (1979) నాణెం ఆటతో మొదలుపెట్టి, అవసరం వచ్చిన చోటనే కొలతను నేర్పుతాడు. విలియమ్స్ (1991) చిన్న పుస్తకం, చురుకైనది, కాని వేగం ఎక్కువ. మద్రాసులో పుట్టిన కె. ఆర్. పార్థసారథిగారి పుస్తకం (1977) సంభావ్యతను, కొలతను కలిపే చెబుతుంది. చాలా బిగువైన రచన.

“మన తెలుగువాడు సి. ఆర్. రావుగారి పుస్తకం ఉండగా ఇవన్నీ ఎందుకు?” అని మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన అడిగారు. ఆయన అభిమానం నాకూ ఉన్నది. వాల్తేరులో చదివి, కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పార్థసారథికి, 2007లో ఆబెల్ బహుమతి పొందిన వరదన్‌కు పరిశోధనలో గురువైన మహనీయుడు. కాని 1965లో వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథం స్టాటిస్టిక్సుది. మా పిల్లకు కావలసినది వేరు. అభిమానంతో పుస్తకం కొనవచ్చు, చదువు మొదలుపెట్టడానికి మాత్రం అవసరమే చూడాలి.

మూడు పుస్తకాలు లైబ్రరీ నుండి తెప్పించి ఎదుట పెట్టాను. పీఠిక చదివి, ముందుగా ఏమి తెలిసి ఉండాలంటున్నాడో చూడమన్నాను. తర్వాత ఒక్కొక్కదానిలో రెండు సిద్ధాంతాలు, అయిదు అభ్యాసాలు కాగితం మీద చేయమన్నాను. అయిదూ వస్తే ఆ పుస్తకం మరీ తేలిక. ఒక్కటీ రాకపోతే ఇంకా వేళ కాలేదు. రెండో మూడో వచ్చి, మిగిలినవి నిద్ర పట్టనీయకపోతే అదే తగినది.

చివరి పరీక్ష మన ఇళ్ళకే ప్రత్యేకం. మనం ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఇంగ్లీషులో బట్టీ పట్టినది అర్థమైనట్టే తోస్తుంది. ఇంటి తెలుగులో చెప్పబోతే గాని నిజం బయటపడదు. అందుకని చదివినది అమ్మమ్మకు చెప్పమన్నాను. పిల్ల కాసేపు ఆలోచించి, మదురై మల్లెల మాట ఎత్తింది. మాలలో ఒక్కొక్క పువ్వూ ఇంకా ఇంకా చిన్నదై, చివరకు చుక్కంతయి పోతే, ఎన్ని పువ్వులని ఎంచగలం? అయినా మాల పొడుగు మాలకు ఉన్నది కదా అన్నది. “అంతేనా! ఎంచడం మాని మూర వేయడమేగా” అన్నది మా అమ్మ. మూడు పుస్తకాలలోను పిల్లకు ఈ ముక్క చెప్పగలిగే ధైర్యం ఇచ్చినది బిల్లింగ్స్‌లీ. అదే కొన్నాము.

మొదటి అధ్యాయానికే నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు నాలుగో అధ్యాయంలో ఉన్నది. ఆదివారాలు ఒక స్నేహితురాలితో కూర్చొని, ఒకరు చెబితే ఒకరు తప్పులు పడుతున్నారు. పరిశోధనలో సీటు వస్తుందో రాదో నేను చెప్పలేను. బ్యాంకు పరీక్ష వ్రాసినా వ్రాయవచ్చు. వ్రాస్తే మాత్రం బుర్ర లేదని కాక, ఆ ఉద్యోగం కావాలని వ్రాస్తుంది.

మీ ఇంటి పిల్ల చదువు ఎక్కడైనా ఆగిపోతే, కోప్పడకముందు ఆమె చేతిలోని పుస్తకాన్ని ఒకసారి తెరిచి చూడండి. మీకు తెలియకపోతే తెలిసినవారికి చూపండి. పుస్తకం మార్చడం సులువు. పోయిన ధైర్యాన్ని తిరిగి తేవడం అంత సులువు కాదు.