రుచి ఎక్కడి దాకా చూపించాలి?

రంజాన్‌లో మసీదుకి హలీమ్ వండాలంటే పెద్ద గిన్నె ఎక్కడ కొనాలని షికాగో శివార్లలో కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను అడుగుతుంటారు. నేను చెప్పే దుకాణం పేరు విని కొందరు మొహం చిట్లిస్తారు. ఎందుకంటే అది ఇంట్లో బీరు కాచుకునే వాళ్ళకి సామాన్లు అమ్మే దుకాణం. చదువుతున్న అమ్మీలు, ఆపాలు 'తౌబా తౌబా' అనకముందే నన్ను కాస్త చెప్పనివ్వండి.

ఆ దుకాణంలో అమ్మకానికి బీరు ఒక్క చుక్క ఉండదు. 15 గ్యాలన్ల స్టీలు గిన్నెలుంటాయి. అంటే దాదాపు 57 లీటర్లు. వాటి కింద పెట్టే గ్యాసు పొయ్యిలు, చేయంత పొడవున్న తెడ్లు ఉంటాయి. వాళ్ళు ఆ తెడ్డుతో జౌ కలుపుతారు, మేము హలీమ్ ఘోటా కొడతాం. సిర్కా పెట్టుకోవడానికి గాజు జాడీలు కూడా నేను అక్కడే కొంటాను. మిగతా దుకాణమంతా జౌ బస్తాలే. జౌ నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. మన ఇళ్ళల్లో చంటిపిల్లలకి రాగులు నానబోసి, మొలక కట్టి, ఎండబెట్టి రాగి మాల్ట్ చేస్తాం చూడండి, పద్ధతి అదే. గింజ మొలకెత్తితే దాంట్లోని పిండిని చక్కెరగా మార్చే గుణం వస్తుంది. అంతవరకు హలాలే. ఆ తియ్యటి నీళ్ళలో ఈస్ట్ వేసి, చక్కెర ఆల్కహాలుగా మారాక మస్లా వేరు.

మొన్నామధ్య ఒక శనివారం దుకాణం యజమాని నన్ను పక్కకి పిలిచాడు. అరవై దాటిన మనిషి, మాట మర్యాద ఉన్నవాడు. "వచ్చే నెల నుంచి శనివారాలు గిరాకీలకి బీరు రుచి చూపిద్దామనుకుంటున్నాను. పాత గిరాకీలందర్నీ అడుగుతున్నాను, మీరేమంటారు?" అన్నాడు. మాకు హరామ్ అని ఒక్క మాటలో చెప్పి వచ్చేయొచ్చు. కానీ ఆయన మా షరియత్ మీద నడిచే మనిషి కాదు. ఆ ఫత్వా ఆయనకి జవాబు ఎలా అవుతుంది? ఇజ్జత్ ఇచ్చి అడిగాడు కాబట్టి ఆయనకి పనికొచ్చే జవాబే ఇవ్వాలనిపించింది. ఒక వారం టైం అడిగాను.

ముందు ఆయన వైపు మాట ఇన్సాఫ్‌గా చెప్పాలి. ఇంట్లో ఒక్కసారి కాచేది మామూలుగా 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. అది తాగడానికి తయారయ్యేసరికి వారాలు పడుతుంది. అన్ని రోజులు ఆగాక రుచి నచ్చకపోతే డబ్బూ పోయె, కష్టమూ పోయె. కొత్తవాళ్ళకి ఏ మాల్ట్ వేస్తే ఏ రుచి వస్తుందో తెలీదు. వెన్న వాసన వచ్చిందంటే పులియడంలో ఎక్కడో తేడా జరిగిందని పాతవాళ్ళు పట్టేస్తారు, కొత్తవాళ్ళకి ఎవరో ఒకరు నేర్పాలి. "నాలుగు గుటకలు తాగిస్తే నాలుగు పుస్తకాల పని అవుతుంది" అన్నాడాయన. అబద్ధమేమీ కాదు.

పైగా ఈ షౌక్‌కి ఇక్కడ అంత తేలిగ్గా అనుమతి రాలేదు. 1933లో అమెరికా మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి దారి దొరికింది, బీరుకి దొరకలేదు. 1978 అక్టోబరు 14న జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాక, 1979 ఫిబ్రవరి నుంచి ఫెడరల్ చట్టం ఒప్పుకుంది. అది కూడా హద్దులతోనే. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200. అమ్మడానికి మాత్రం వీల్లేదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలైతే 2013 దాకా ఒప్పుకోనేలేదు. దుకాణంలో జనానికి పోయాలంటే మళ్ళీ ఆ రాష్ట్రం లైసెన్సు లెక్కలు చూసుకోవాలి. అది ఆయన వకీలు చూసుకుంటాడు, నా పని కాదు.

నా ఆలోచన ఇంకోచోట ఆగింది. అమ్మే సరుకు నమూనా చూపించడం మనకీ ఉన్నదే. మామిడిపండ్ల బండి దగ్గర ముక్క కోసి ఇస్తారు. బెల్లం కొనేటప్పుడు చిన్న తునక నోట్లో వేసుకుంటాం. చార్మినార్ దగ్గర అత్తర్ అమ్మే సాబ్ మణికట్టు మీద ఒక్క చుక్క రాసి వాసన చూడమంటాడు. అక్కడ చూపించేదీ, మనం ఇంటికి తీసుకెళ్ళేదీ ఒకటే వస్తువు. మరి ఈ దుకాణం అమ్మేది బీరు కాదు కదా. మాల్ట్, హాప్స్, ఈస్ట్, గిన్నెలు. వాటి నమూనా ఇవ్వాలంటే మాల్ట్ నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమలమనొచ్చు. ఒకటి బిస్కెట్టులా ఉంటుంది, బాగా వేయించినది కాఫీ గింజలా చేదుగా ఉంటుంది. హాప్స్ పూలు అరచేతిలో నలిపి వాసన చూడమనొచ్చు, కొన్ని నిమ్మతొక్కలా ఘుమఘుమలాడతాయి. పులియబెట్టక ముందు మరిగించిన ఆ తియ్యటి జౌ నీళ్ళు కూడా చిన్న గ్లాసులో ఇవ్వొచ్చు. ఇవన్నీ ఆయన నిజంగా అమ్మే సరుకు రుచులే.

బీరు రుచి మాత్రం కాచినవాడి చేతిది. నీళ్ళు, వేడి, శుభ్రం, ఓపిక కుదిరితేనే ఆ రుచి. బిర్యానీ మసాలా పొడి అమ్మే దుకాణంలో మంచి బావర్చీ వండిన బిర్యానీ పెడితే, ఆ పొడి కొన్న ప్రతి ఇంట్లో అదే బిర్యానీ వస్తుందా? రాదు. గుటక చూసి మోజుపడి కొన్నవాడు, రేపు తన ఇంట్లో అది రాకపోతే దుకాణాన్నే తిట్టుకుంటాడు.

రెండో సంగతి మనుషులది. మా మసీదుకి వచ్చే ఒక సోదరుడున్నాడు, ఇక్కడి తెల్లవాడే. ఇస్లాంలోకి రాకముందు తాగుడుతో ఇల్లు, నౌకరీ రెండూ పోగొట్టుకున్నాడు. తాగుడు మానేసి ఆరేళ్ళు, అల్హందులిల్లాహ్. హలీమ్ గిన్నెలు మోయడానికి ప్రతి ఏడూ నాతో వచ్చేది అతనే. నేను అతన్ని అడిగాను. "భాయ్, జౌ బస్తాల వాసన నన్నేమీ చేయదు. గ్లాసులో పోసిన బీరు వాసన వేరు. ఆరేళ్ళయినా అది నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. పోయడం మొదలుపెడితే నేను కారులోనే కూర్చుంటాను, గిన్నెలు నువ్వే తెచ్చుకో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అతనొక్కడే కాదు. జున్ను చేసుకోవడానికి సామాను కొనే ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. కార్లో తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు వస్తారు. మెహమాన్ నవాజీ చూపిస్తూ దుకాణదారు గ్లాసు చేతికిస్తే, వద్దనడం అందరికీ తేలిక కాదు. మనకైతే శరాబు తిరిగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దని హదీసు ఉంది. ఇవాళ అందరూ కాలుపెట్టే గింజల దుకాణం, గ్లాసు తిరగడం మొదలైతే కొందరికే తలుపు తెరుస్తుంది.

ఖుర్ఆన్‌లో సూరా బఖరా శరాబులో, జూదంలో జనానికి కొన్ని లాభాలున్నాయన్న మాట దాచలేదు. లాభం కంటే గునాహ్ పెద్దదని తూకం వేసి చెప్పింది. ఆ తూకం నాకు ఈ మస్లాలోనూ పనికొచ్చింది. ఆయన లాభాన్ని కాదనక్కర్లేదు. రెండో పళ్ళెంలో ఏముందో చూపిస్తే చాలు.

తర్వాతి శనివారం వెళ్ళి అదే చెప్పాను. "మీ సరుకు రుచి చూపించండి, గింజలు నమలనివ్వండి, హాప్స్ వాసన చూడనివ్వండి. గ్లాసు మాత్రం దుకాణం తెరిచి ఉన్న వేళ వద్దు. నేర్పడమే మీ నీయత్ అయితే, దుకాణం మూశాక, ముందే పేరు రాయించుకున్న పెద్దవాళ్ళకి ఇంకో గదిలో క్లాసు పెట్టుకోండి. అందులోకి నేను రాను, కానీ పగటిపూట మీ దుకాణానికి వస్తూనే ఉంటాను." మా సోదరుడి సంగతి, పేరు లేకుండా, అతని ఇజాజత్ తీసుకునే చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "మానేసినవాళ్ళు నా దుకాణానికి వస్తారని నాకెప్పుడూ తట్టలేదు" అన్నాడు.

ఇప్పుడు కౌంటరు మీద ఆరు చిన్న గిన్నెల్లో ఆరు రకాల మాల్ట్ పెట్టాడు. పిల్లలు కూడా తీసుకుని నములుతున్నారు. బీరు క్లాసు నెలకొక రాత్రి, దుకాణం మూశాక. అది నాకు ఇష్టమా అంటే కాదు. కానీ ఆయన ఇల్లు, ఆయన దీన్ ఆయనవి. నేను అడిగింది అందరూ వచ్చే చోటు అందరిదిగా ఉండాలని, అంతవరకు దక్కింది.

మన పిల్లలు ఈ దేశంలో ఇలాంటి ప్రశ్నలు రోజూ ఎదుర్కొంటారు. ఆఫీసు దావత్‌లో, స్నేహితుల ఇంట్లో, దుకాణంలో. 'హరామ్' అన్న మాట వాళ్ళకి తమ కోసం చాలు. ఎదుటివాడు ఇజ్జత్‌తో అడిగినప్పుడు మాత్రం అతనికి అర్థమయ్యే సబబు కూడా చెప్పగలగాలి. అది ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర మనమే నేర్పాలి. మీ ఇళ్ళల్లో ఇలాంటి సవాలు వస్తే పిల్లలకి ఏం చెప్పారో రాయండి. ఈ రంజాన్‌కి కూడా, ఇన్షా అల్లాహ్, గిన్నెలు మోసేది మేమిద్దరమే.