నేల మీద పేర్లు రాసుకున్న ఊరు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వెళ్ళినవాళ్ళెవరైనా ముందు టేబుల్ మౌంటెన్ చూస్తారు. పైన పీట వేసినట్టు బల్లపరుపుగా ఉండే కొండ, కింద నీలంగా సముద్రం! తర్వాత ద్రాక్షతోటలు, పెంగ్విన్ పక్షులు... వారం రోజులు తిరిగినా తనివి తీరదు. మీకెప్పుడైనా ఆ ఊరు వెళ్ళే అవకాశం వస్తే మాత్రం, ఒక్క పూట బైటెన్‌కాంట్ వీధిలోని పాత మెథడిస్టు చర్చికి కేటాయించండి. అదిప్పుడు డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం.

మ్యూజియం అనగానే కిరీటాలు, కత్తులు ఉంటాయనుకునేరు! ఇక్కడుండేవి మన ఇళ్ళల్లో ఉండేలాంటివే. పాత ఫోటోలు, ఇంటి సామాన్లు, వీధి పేర్ల బోర్డులు, కుట్టుపని చేసిన గుడ్డలు. మరి ఏముంది చూడ్డానికి అంటారా? మనుషుల మధ్య తెగిపోయిన నమ్మకాన్ని మళ్ళీ ఎలా ముడివేసుకుంటున్నారో అక్కడ కళ్ళారా చూడొచ్చు.

అన్ని వంటిళ్ళూ పక్కపక్కనే

డిస్ట్రిక్ట్ సిక్స్ అంటే ఆరో వార్డు అన్నమాట. 1867లో కేప్‌టౌన్ మునిసిపాలిటీ ఆ పేరు పెట్టింది. కొండకీ రేవుకీ మధ్యనున్న పేట అది. విడుదలైన బానిసల సంతతి, రేవు కూలీలు, దర్జీలు, చిన్న వ్యాపారులు, వలస వచ్చినవాళ్ళు అందరూ అక్కడే ఉండేవారు. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, మన భారతీయులు... ఒకరి గోడకు ఒకరి గోడ ఆనుకుని కాపురాలు.

ఈ బానిసల్లో మనవాళ్ళూ ఉన్నారంటే నమ్ముతారా? 1652లో అక్కడ మకాం వేసిన డచ్చివారు ఇండోనేషియా దీవుల నుంచి, బెంగాల్ నుంచి, మన కోరమాండల్ తీరం నుంచి కూడా మనుషుల్ని బానిసలుగా పట్టుకెళ్ళారు. అందుకే ఆ ఊరి వంటల్లో ఏలకులు, దాల్చినచెక్క, సోంపు వాసన ఘుమఘుమలాడుతుంది!

అలాగని అదేదో స్వర్గమనుకోకండి. ఇరుకు ఇళ్ళు, పేదరికం, మరమ్మతుల మాట ఎత్తని ఇంటి ఓనర్లు, అన్నీ ఉన్నాయి. కానీ ఎదురింటివాళ్ళ పేరు తెలియనివాళ్ళు మాత్రం లేరు.

ఒక్క ప్రకటనతో...

తెల్లవాళ్ళ ప్రభుత్వం 1950లో ఒక చట్టం చేసింది. ఏ రంగువాళ్ళు ఏ పేటలో ఉండాలో ప్రభుత్వమే చెబుతుందని! 1966 ఫిబ్రవరి 11న డిస్ట్రిక్ట్ సిక్స్‌ను తెల్లవాళ్ళకే కేటాయించారు. 1982 నాటికి అరవై వేల మందిని ఖాళీ చేయించి, ఇళ్ళను బుల్డోజర్లతో నేలమట్టం చేసేశారు. గుళ్ళ జోలికి వెళ్ళలేదు కాబట్టి మసీదులు, చర్చిలు మాత్రం ఖాళీ నేలలో ఒంటరిగా మిగిలాయి.

ఇరుగుపొరుగుని అందరినీ ఒక్కచోటికే పంపినా కొంత నయంగా ఉండేది. అలా పంపలేదు. నల్లవాళ్ళకు ఒక పేట, మిశ్రమ జాతివాళ్ళకు ఒకటి, భారతీయులకు ఇంకొకటి. ఊరికి దూరంగా, గాలికి ఇసుక లేచే మైదానంలోకి పంపారు. పొద్దున్నే లేచి రెండు బస్సులు మారితేగానీ పని దొరకదు. పక్కింటి పిన్నిగారికి కూర గిన్నె అందించిన పిల్లలే, వేరు వేరు బడుల్లో చదివి, ఒకరినొకరు చూసి భయపడేలా పెరిగారు. ఇల్లు పోతే మళ్ళీ కట్టుకోవచ్చు. ఈ భయాన్ని తీసేదెలా, చెప్పండి?

మీ ఇల్లెక్కడ?

1994లో అన్ని జాతులవాళ్ళూ కలిసి మొదటిసారి ఓటు వేశారు. ఆ డిసెంబరులోనే ఈ మ్యూజియం తెరిచారు. లోపలికి అడుగు పెట్టగానే నేలమీద పెద్ద పటం కనిపిస్తుంది. పాత డిస్ట్రిక్ట్ సిక్స్ వీధులన్నీ అందులో ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ ఉన్నవాళ్ళు వచ్చి, వంగి వెతుక్కుని, తమ ఇల్లు ఉన్నచోట తమ పేరు రాసుకున్నారు. పక్కింటివాళ్ళు వచ్చి ఆ పక్కనే రాశారు. రంగు ప్రకారం విడదీసిన పేర్లు మళ్ళీ వీధి వరసలో పక్కపక్కనే కూర్చున్నాయి!

పైనుంచి వేలాడే వీధి పేర్ల బోర్డులకూ ఒక కథ ఉంది. అవి కూల్చివేత పనికి అధికారిగా ఉన్న ఒక తెల్లాయన దగ్గర దొరికాయి. పారేయకుండా ఇన్నేళ్ళూ ఇంట్లో దాచుకున్నాడట. కూల్చినవాడి చేతి నుంచి వాటిని తీసుకోవడానికి కష్టంగానే ఉండి ఉంటుంది. అయినా తీసుకున్నారు, అందరూ చూసేలా కట్టారు. ఆయన చేసింది దాచలేదు, ఇచ్చింది కాదనలేదు.

సూదీ దారమూ, పొయ్యీ

మనలాంటివాళ్ళకు ఎక్కువ నచ్చేది ఇంకొకటి ఉంది. పొడుగాటి తెల్లగుడ్డ మీద వచ్చినవాళ్ళు పేర్లు, రెండు మాటలు రాసి వెళతారు. సిరా వెలిసిపోతుంది కదా! అందుకని ఆ అక్షరాల మీద దారంతో కుట్టేస్తారు.

‘హైస్ కోంబైస్’ అంటే వాళ్ళ భాషలో ఇంటి వంటగది. ఆ పేరుతో పాత పేటవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, మ్యూజియంలో కూడి వంటల గురించి చెప్పుకుంటూ గుడ్డల మీద వాటిని కుట్టారు. 2016లో అవన్నీ పుస్తకంగా కూడా వచ్చాయి. ఆదివారం పొద్దున చేసే కూసిస్టర్ వాళ్ళకు ప్రాణం. సోంపు, ఏలకులు, దాల్చినచెక్క, అల్లంపొడి, ఎండిన కమలా తొక్క వేసి పిండి పులియబెట్టి, నూనెలో వేయించి, పాకంలో ముంచి, కొబ్బరికోరు అద్దుతారు. నమ్మకం అనే పెద్ద మాటతో మొదలుపెడితే ఎవరూ నోరు విప్పరు. మీ అమ్మ పాకం ఎలా పట్టేదని అడగండి, మాటలు వాటంతటవే వస్తాయి!

క్షమించడమంటే మరిచిపోవడం కాదు

1996లో ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ ఆధ్వర్యంలో ఒక కమిషన్ బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. రాజకీయ కారణాలతో నేరం చేసినవాళ్ళు నిజమంతా ఒప్పుకుంటేనే క్షమాభిక్ష. కానీ ఆ కమిషన్ చూసింది ముఖ్యంగా హత్యలు, చిత్రహింసలు. ఇళ్ళు పోయినవాళ్ళ బాధ దాని పరిధిలోకి రాలేదు. దానికోసం వేరే భూమి చట్టం చేశారు.

చిత్రమేమిటంటే, నెల్సన్ మండేలా జైలు నుంచి బయటికొచ్చిందీ ఫిబ్రవరి 11నే, 1990లో. మళ్ళీ 2004 ఫిబ్రవరి 11న, తిరిగి వచ్చిన మొదటి ఇద్దరికి ఆయనే ఇంటి తాళాలు అందించారు. ఇద్దరూ ఎనభై దాటిన పెద్దవాళ్ళు! మిగతావాళ్ళలో చాలామంది ఎదురుచూస్తూనే ఉన్నారు, కొందరు చూసి చూసి కన్నుమూశారు. పేట నేల చాలావరకు ఇప్పటికీ గడ్డి మొలిచి ఖాళీగానే ఉంది. పటం మీద పేరు రాసుకుంటే మనసు కుదుటపడుతుందేమో గానీ, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా న్యాయం జరిగినట్టు కాదు కదా! ఏటా ఫిబ్రవరి 11న పాతవాళ్ళు కలిసి నడిచి వెళ్ళి, అక్కడి రాళ్ళ కుప్ప మీద తలా ఒక రాయి పెట్టి వస్తారు, మరిచిపోలేదని చెప్పడానికి.

మీరు వెళ్ళినప్పుడు, ఆ పేటలో పుట్టి పెరిగినవాళ్ళే వెంట ఉండి చూపించే ఏర్పాటు ఉందేమో ముందే కనుక్కోండి. ఆ తరం వాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. మీ ఇల్లెక్కడ ఉండేది, మీ పక్కింట్లో ఎవరుండేవారు అని అడగండి చాలు. ఆ ఒక్క ప్రశ్న కోసమే వాళ్ళు అక్కడ నిలబడి ఉంటారు.