చాట, కత్తెర, దారం

అక్టోబర్ 12, ఆదివారం
అమ్మకు పక్షవాతం వచ్చి ఏడు నెలలు. కుడిచెయ్యి భుజం దాకా లేస్తున్నది గని వేళ్లు ముడుచుకునే ఉన్నయి. దినాం మెత్తటి బంతి పిసుకుతున్నది. ఇయ్యాల దాన్ని పక్కకు పెట్టి, "దీంతోని నాకేం పనిరా?" అన్నది. జవాబు చెప్పలేకపోయిన.

అక్టోబర్ 17, శుక్రవారం
పొద్దున్నే మెదక్‌ల రాందాస్ చౌరస్తాకు పోయి బస్సెక్కినం. సికింద్రాబాద్‌ల ఆక్యుపేషనల్ థెరపిస్టు, చిన్న వయసు పిల్ల, చెయ్యి ముట్టుకోకముందే అడిగింది: "అమ్మా, ఈ చేతులతో ఏం పని చేసేవారు?"

అమ్మ సర్దుకొని కూచున్నది. "బీడీలు బిడ్డా. దినాం వెయ్యి." తునికాకు తడుపుడు, కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, మూతి ముడుచుడు, దారం కట్టుడు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ పిల్ల ఒక్కొక్కటి రాసుకున్నది. తంబాకు మాత్రం వద్దన్నది. ముప్పై ఏండ్లు ఆ దుమ్ము మింగిన దగ్గు నాకు తెలుసు, మంచి మాటే చెప్పింది. పాత క్యాలెండర్ కాగితం ఆకు కొలతకు కత్తిరించి, ఉప్మా రవ్వ పోసి చుట్టాలె. మొదట బొటనవేలంత లావు, తర్వాత కొంచెం కొంచెం సన్నం.

అక్టోబర్ 27, సోమవారం
ఇయ్యాల ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపీ దినం. 2010 నుంచి జరుపుతున్నరు, ఇన్నేండ్లల్ల నా చెవిన పడలేదు. తెలుగుల 'వృత్తి చికిత్స' అంటే జనం కొలువు సంగతి అనుకుంటరు. అన్నం కలుపుకొనుడు, గుండీ పెట్టుకొనుడు, జడ వేసుకొనుడు, ఇవన్నీ ఆ మాటలోనివే. మన 'పని' అన్న మాటే దీనికి సరిపోతది.

మన దేశంల ఈ చదువు 1950ల బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. మొదలుపెట్టిన కమలా నింబ్కర్ అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైన మనిషి.

నవంబర్ 3, సోమవారం
మా బడిల ఒక పిల్లగాడికి పెన్సిల్ జారిపోతది. గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చిన. ఒక పూర్తి వరుస రాసిండు. ఈ థెరపీ నేర్చినోళ్లు చూస్తే ఇంకెంత చేస్తరో.

నవంబర్ 9, ఆదివారం
నా బిడ్డ ఇంటర్ బైపీసీ రెండో ఏడు. ఎంబీబీఎస్ రాకుంటే ఆక్యుపేషనల్ థెరపీ చదువుతనన్నది. "రాకుంటే ఎందుకు, మొదలే ఇది రాసుకో" అన్న. నాలుగేండ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. శరీరం, నరాలు, మనసు మూడూ చదవాలె, చేతికి స్ప్లింట్ కూడా తయారు చేయాలె. మెదక్, రామాయంపేట, దుబ్బాక దిక్కు ఎన్ని ఇండ్లల్ల బీడీల చాటలున్నయో! ఆ చేతులకు దెబ్బ తగిలితే బస్సెక్కి సికింద్రాబాద్ దాకా పోవాల్నా? బైపీసీ పిల్లలున్న తల్లిదండ్రులు ఈ కోర్సు పేరు కూడా ఒకసారి ఇంట్ల ఎత్తండి.

నవంబర్ 16, ఆదివారం
అమ్మ పదకొండు చుట్టింది. మూడింటికి దారం కట్టింది.