ఈ వారం ఏం చదివానంటే

అస్తిత్వం గురించి రాయమంటే మా చెయ్యి అలవాటుగా గాయం మీదికే పోతుంది. అందులో తప్పులేదు. గాయం ఉంది కాబట్టే పోతుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ రాకపోయి ఉంటే, తెలుగు రాతల్లో ముస్లిం అనేవాడు అత్తరు అమ్ముకుంటూనో, హీరో కోసం ప్రాణాలిస్తూనో ఇంకా అక్కడే ఉండిపోయేవాడు. ఆ పుస్తకాల రుణం తీరేది కాదు.

అయినా ఒక సంగతి నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. నేను పనిచేసే రంగంలో ముస్లిం రచయితని రెండు సందర్భాల్లోనే తలుచుకుంటారు. రంజాన్ నెల వస్తే హలీం గురించి, ఎక్కడన్నా గొడవ జరిగితే శాంతి గురించి. పత్రికల్లో ఇరవయ్యేళ్లుగా ఉన్నాను. ప్రతి డిసెంబర్‌లోనూ ‘నాకు నచ్చిన పుస్తకం’ అని అందరిచేతా రాయిస్తారు. ఆ ఫోన్ నాకెప్పుడూ రాలేదు. మాకు కష్టాలుంటాయని తెలుసు. చదువుకుంటూ పడక్కుర్చీలో నవ్వుకునే రాత్రులు కూడా ఉంటాయని ఎవరికీ తోచదు. తోచేలా మేమూ రాయలేదనుకోండి.

అందుకని ఈ సంకలనంలో నా వంతుకి, పోయిన వారం నేనేం చదివానో రాస్తున్నాను.

ఆదివారం ఆబిడ్స్. దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని ఉంటాయి కనక ఫుట్‌పాత్ అంతా పుస్తకాలదే. మౌలాలి నుంచి బస్సెక్కి ఎండ ముదరకముందే చేరాలి. పాత పుస్తకాల వాళ్లకి మనుషుల్ని చూసి పుస్తకాలు చూపించే విద్య ఉంటుంది. నేను తెలుగు కుప్ప ముందు గొంతుక్కూర్చుంటే, ‘సాబ్, ఉర్దూ అటు’ అని వేలు చూపించాడొకాయన. మర్యాదకే అన్నాడు. పక్కన మరో పుస్తకాల మనిషి నా చేతిలోది చూసి, ‘మీరు తెలుగు చదువుతారా!’ అన్నాడు. అదీ మెచ్చుకోలుగానే.

నా చేతిలో ఉన్నది సామల సదాశివ ‘యాది’. ఇంట్లో ఒక ప్రతి ఉంది, అయినా కొన్నాను. ఎవరికైనా ఇవ్వడానికి ఉంటుంది. ఆదిలాబాద్ మనిషి, 2012లో పోయారు. ఉర్దూ కవుల గురించి, హిందుస్తానీ గాయకుల గురించి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పినట్టు రాసేవారు. ‘స్వరలయలు’కి 2011లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. తెలుగులో నేను ఆయన్ని చదివినంత ఇష్టంగా ఇంకెవర్నీ చదవలేదు. అయితే ఆదివారం బస్సులో ఇంటికొస్తూ పుస్తకం తెరిస్తే అక్షరాలు ముందుకి సాగలేదు. సదాశివగారికి ఉర్దూ వస్తే అది పాండిత్యం, నాకు తెలుగు వస్తే అది ఆశ్చర్యం. ఇద్దరం ఒకే నేల మీద పుట్టి, పక్కింటి భాష నేర్చుకున్నవాళ్లమే కదా? ఆ మాటకొస్తే నాకు తెలుగు పక్కింటిది కూడా కాదు. బడిలో పలక మీద దిద్దిన భాష.

ఇలాంటప్పుడు మావాళ్లు కొందరు చరిత్ర విప్పుతారు. నేనూ విప్పగలను. ఇబ్రహీం కుతుబ్‌షాకి అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చాడు, తొలి అచ్చతెలుగు కావ్యమని చెప్పుకునే ‘యయాతి చరిత్ర’ని పొన్నికంటి తెలగనార్యుడు పటాన్‌చెరువు అమీన్‌ఖాన్‌కి అంకితమిచ్చాడు. నిజమే. గర్వంగానూ ఉంటుంది. కానీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనుక్కోవడానికి కుతుబ్‌షాహీ పాదుషాని సాక్ష్యానికి పిలవాల్సిన అవసరం ఇంకే పాఠకుడికుంది?

సోమ, మంగళవారాలు డ్యూటీ రాత్రి. ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటుతుంది. ఆ వేళకి బరువైనవి పనికిరావు. ముజ్తబా హుస్సేన్ ఉంటే చాలు. 1962లో ‘సియాసత్’లో ‘శీషా ఓ తేషా’ కాలమ్ అందుకుని, అక్కణ్ణుంచి అర్ధశతాబ్దం పైగా హైదరాబాద్‌ని నవ్వించిన మనిషి. మనుషుల మీద ఆయన రాసిన ఖాకాలుంటాయి. స్నేహితుణ్ణి పొగుడుతూ పొగుడుతూ మధ్యలో ఎక్కడ గిల్లాడో తెలియదు. జపాన్ వెళ్లొచ్చి రాసిన ప్రయాణమైతే, పక్కగదిలో నిద్రపోయేవాళ్లు లేస్తారని దిండు నోటికి అడ్డం పెట్టుకుని చదవాలి. మన ముళ్లపూడి వెంకటరమణకీ ఈయనకీ ఎక్కడో చుట్టరికం ఉందనిపిస్తుంది. ఇద్దరూ నవ్వించేది తమ ఇంటి భాషతోనే.

ముజ్తబా సాబ్‌కి 2007లో పద్మశ్రీ వచ్చింది. 2019 డిసెంబర్‌లో, పౌరసత్వ చట్టం మీద దేశం అట్టుడికిపోతున్నప్పుడు, దాన్ని తిరిగి ఇచ్చేస్తున్నానని ప్రకటించారు. అప్పటికి ఎనభై మూడేళ్లు. 2020 మేలో పోయారు. నా తెలుగు మిత్రుల్లో చాలామంది ఆయన పేరు మొదటిసారి విన్నది ఆ పద్మశ్రీ వాపసు రోజునే. ఫోన్ చేసి, ‘ఎవరాయన? ఏం రాస్తారు?’ అన్నారు. హాస్యం రాస్తారంటే ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. యాభై ఏళ్ల నవ్వు వినపడలేదు, ఒక్కరోజు దుఃఖం వినపడింది. నేను ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నది ఇదే.

బుధవారం నాకు సెలవు. ఆ రోజు చదువు తక్కువ, మరమ్మతు ఎక్కువ. మైదా గంజి కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, మా అబ్బా వదిలిపోయిన పుస్తకాలకి వీపులు అతికిస్తుంటాను. దీన్ని కూడా చదువులోనే లెక్కవేసుకుంటాను. అతుకు ఆరేదాకా కూర్చుని ఆ పేజీలే తిరగేస్తాం కదా. ఎక్కువ భాగం ఇబ్నె సఫీ జాసూసీ నవలలు. 1952లో అలహాబాద్ నుంచి ‘జాసూసీ దునియా’ మొదలైంది. ఆయన ఆ ఏడాదే కరాచీ వెళ్లిపోయాడు గానీ, నవలలు మాత్రం సరిహద్దుకి రెండువైపులా 1980లో ఆయన పోయేదాకా వస్తూనే ఉన్నాయి. ఆ పాత ప్రతులన్నీ కాతిబ్ చేతిరాత. పంక్తి చివర చోటు చాలకపోతే ఆఖరి మాటని కాస్త ఎత్తి, ముందు మాట భుజమెక్కించి రాస్తాడు. ఎవరో పేరు తెలియని మనిషి చెయ్యి ప్రతి పేజీలోనూ కదులుతూ కనిపిస్తుంది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరు డిటెక్టివులు. అబ్బా దిండు కింద కర్నల్ ఫరీదీ, ఆయన అసిస్టెంటు కెప్టెన్ హమీద్. నా బడిసంచిలో అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన మధుబాబు షాడో. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ తర్వాత పరిచయమయ్యాడు. యుగంధర్ పక్కన రాజుని చూసి, వీడు మన హమీద్‌కి తమ్ముడిలా ఉన్నాడే అనుకున్నాను. ఆ వయసులో ఎవరు ఏ మతమన్న ఊహ లేదు. హంతకుడు దొరికితే చాలు.

ఊహ తెప్పించింది రైలు ప్రయాణంలో దొరికిన ఒక హిందీ పుస్తకం. ఇవే నవలలు హిందీలో కూడా వచ్చేవి. కథ అదే, హత్య అదే. ఫరీదీ మాత్రం వినోద్ అయ్యాడు. మరో సిరీస్‌లో ఇమ్రాన్, రాజేశ్ అయ్యాడు. హమీద్ ఒక్కడు హమీద్‌గానే మిగిలాడు. ఆలోచించండి. కేసు ఛేదించేవాడి పేరు మారిపోయింది, పక్కనుండి జోకులేసేవాడి పేరు మార్చే పని పడలేదు. ప్రచురణకర్తకి అమ్మకాల లెక్కలుంటాయి, తిట్టను. పాఠకులు కూడా ఏమీ అనుకోకుండా లక్షణంగా చదువుకున్నారు. కానీ తెలివైనవాడు, ధైర్యవంతుడు, కోటీశ్వరుడు, పాముల్ని పెంచేవాడు, సంగీతం తెలిసినవాడు అయిన ఒక ముసల్మాన్‌ని మా అబ్బా తరం రోజూ రాత్రి పడుకోబోయేముందు కలుసుకునేది. ఆ కలయిక మిగతావాళ్లకి అందలేదు. వాళ్లకందింది నవ్వించే హమీద్, సినిమాలో చచ్చిపోయే రహీం.

గురువారం సాయంత్రం గుట్ట ఎక్కాను. మొక్కు కాదు, గాలి కోసం. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో యాఖూత్ అనే కొలువు మనిషికి కలొచ్చి, హజ్రత్ అలీ చేతిముద్ర ఈ రాతి మీద కనిపించిందని చెబుతారు. అప్పట్నుంచి హిందువులూ ముస్లింలూ ఎక్కుతూనే ఉన్నారు. దిగేటప్పుడు కింద మహలఖా బాయి చందా సమాధి తోట దగ్గర ఆగుతాను. తవాయిఫ్, కవయిత్రి, నిజాం దర్బారులో పెద్ద మాట చెల్లిన మనిషి. 1792లో తల్లి కోసం ఇక్కడ సమాధి కట్టించింది. 1824లో తానూ ఆ పక్కనే చేరింది. ఆ ఏడే ఆమె దీవాన్ అచ్చయ్యింది. అన్నీ గజళ్లు, ఒక్కోటీ ఐదు షేర్లు, ప్రతిదాని చివరా మౌలా అలీ తలపు. ఆమె 1799లో కెప్టెన్ మాల్కంకి ఇచ్చిన రాతప్రతి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఇక్కడి సమాధి మాత్రం పాడుబడి, చివరికి 2011 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వమిచ్చిన డబ్బుతో బాగుపడింది. మా బస్తీలో రెండొందల ఏళ్ల కింద పుస్తకాలు పోగేసుకున్న ఒక ఆడమనిషి ఉండేదని నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. తెలుగు బడిలోనూ లేదు, ఉర్దూ పెద్దల మాటల్లోనూ లేదు. వాళ్లకి తవాయిఫ్ అన్న మాట అడ్డం.

శుక్రవారం జుమ్మా అయ్యాక ఒక పెద్దాయన నా చంకలో తెలుగు పత్రిక చూసి, ‘మన జబాన్ ఏం పాపం చేసింది మియా?’ అన్నాడు. ఆబిడ్స్ ప్రశ్నకి ఇది రెండో చెంప. సలాం చెప్పి వచ్చేశాను.

అయితే ఆయన ప్రశ్న పూర్తిగా కొట్టేసేది కాదు. నా అల్మారాలో సగం ఉర్దూ. ఆ సగానికి ఇంట్లో పాఠకుణ్ణి నేనొక్కణ్ణే. మా అమ్మాయి ఇంగ్లీషు మీడియం, సెకండ్ లాంగ్వేజి తెలుగు. ఉర్దూ గలగలా మాట్లాడుతుంది. ఖురాన్ చదువుతుంది కనక అక్షరాలూ వచ్చు. కానీ ఖురాన్‌లో జేర్, జబర్, పేష్ అన్నీ గుర్తులుంటాయి. ఇబ్నె సఫీలో ఏమీ ఉండవు. మాట ముందే తెలిస్తేనే మాట చదవగలం. పైగా అక్షరాలు వాలుగా జారిపోతుంటాయి.

శనివారం రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం ఒక నవల ముందేసుకుంటాం. వారానికి రెండు పేజీలు, అంతకు మించి సాగదు. తనే ఒక పద్ధతి కనిపెట్టుకుంది. తెలియని మాట పైన పెన్సిల్‌తో సన్నగా తెలుగులో రాసుకుంటుంది. ఖాఫ్‌కీ కాఫ్‌కీ తేడా తెలుగులో చూపించలేక ఒకదాని కింద చుక్క పెట్టింది. అరవై ఏళ్ల నాటి కాతిబ్ రాత, దాని నెత్తిన తెలుగు గుడింతం. అబ్బా చూస్తే పుస్తకం పాడుచేశారని కేకలేసేవాడే.

పోయిన శనివారం మేం హమీద్ పెంచుకునే మేకపోతు దగ్గరికొచ్చాం. దానికి టోపీ పెట్టి షికారుకి తీసుకెళ్తాడు. ‘సచ్చీ, అబ్బూ? మేకకి టోపీనా?’ అని పడీపడీ నవ్వింది. రెండు పేజీలూ అయిపోయాయి. పడుకో బేటా, పొద్దుపోయిందంటే వినలేదు. పెన్సిల్ చెక్కుకుని వచ్చి కూర్చుంది, ఫరీదీ దాన్ని చూసి ఏమన్నాడో తెలియాలట.