శీర్షిక చదివి చేసిన ప్రసంగం

ఒక ఆదివారం నేను చేసిన ప్రసంగాన్ని గూర్చి ఈ నెల మీతో ఒప్పుకోవాలని ఉంది.

2012 జూలై 4న జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, తాము వెదకుతున్న హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణం దొరికిందని ప్రకటించారు. పత్రికలు దానిని “దైవకణం” అన్నాయి. నేను శీర్షిక మాత్రమే చదివాను. ఆ ఆదివారం బొబ్బిలిలో మా సంఘం ముందు నిలబడి, దేవుణ్ణి యంత్రాల్లో వెదికే గర్విష్ఠులని వారిని గద్దించాను. వెనుక చాపమీద కూర్చున్న ఇంటర్ కుర్రవాడొకడు తల దించుకున్నాడు. వాక్యం గ్రుచ్చుకున్నదని లోలోపల సంతోషించాను.

నాలుగేళ్ల తరువాత అతని తండ్రి వచ్చాడు. “అయ్యగారూ, మా గుంటడు ఇంకా ఆ ఫిజిక్సే సదువుతానంతన్నాడు. ఏటి సెయ్యమంతారు?”

“బి.ఎడ్. చేయించు. అన్నం పెడుతుంది” అన్నాను. అబ్బాయి మారు పలకలేదు. ఇప్పుడు ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరు.

మొన్న క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మా అరుగుమీద కూర్చుని, కోపం లేకుండా, ఆ సంగతంతా నాకు పాఠంలా చెప్పాడు.

“దైవకణమన్న పేరు హిగ్స్ గారికే నచ్చలేదండి. ఆయన 1964లో ఊహించినది 48 ఏళ్లకు దొరికింది. బోసాన్ అన్న మాటలో మన సత్యేంద్రనాథ్ బోస్ పేరుంది. భూమి లోపల 27 కిలోమీటర్ల గుండ్రని సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా, దాదాపు వెలుతురంత వేగంతో పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. ఆ శక్తిలోనుంచి కొత్త కణాలు పుట్టి, రెప్పపాటుకన్నా ముందే విరిగిపోతాయి. మిగిలిన జాడలే దొరుకుతాయి. పొద్దున్నే చేలో అడుగులు చూసి, రాత్రి అడవిపంది వచ్చిందని నాన్న చెప్పడం లేదా? అలాగేనండి.”

మరొక మాట నన్ను బాగా తాకింది. ఆ ప్రోటాన్ల దారిని వంచడానికి సొరంగంలో 1,232 పెద్ద అయస్కాంతాలున్నాయట. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, సుమారు 35 టన్నుల బరువు. సొరంగంలోని అయస్కాంతాలను మోస్తూ, వెంట్రుక మందమంత తేడాను కూడా సరిచేసే జాకీలు సుమారు 7,000 మన దేశంలో తయారై వెళ్లాయి. 2015లో ఆ కణం బరువును గూర్చి వెలువడిన ఒక్క వ్యాసానికి 5,154 మంది రచయితలు! నేను గర్విష్ఠులన్నవారు ఇంతమందిలో ఒకరుగా తమ పేరు కలుపుకొని పనిచేసేవారు. శరీరానికి ప్రతి అవయవమూ అవసరమేనని పౌలు కొరింథీ సంఘానికి వ్రాసిన సంగతి బోధించే నేను, దానిని అక్కడ చూడలేకపోయాను.

“నా మాటవల్లే చదువు మానేశావా?” అని అడిగాను.

చాలాసేపు ఊరుకుని, “కొంత మీ మాట, కొంత మా ఇల్లండి” అన్నాడు.

ఈ ఏడాది అతని చిన్న చెల్లెలు డిగ్రీ ముగించింది. తండ్రి మళ్లీ వచ్చాడు, అదే ప్రశ్నతో. ఈసారి తొందరపడలేదు. భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద గారిని గూర్చి చెప్పాను. ఆయన సన్యాసి. ప్రేగ్‌లో డాక్టరేట్ పొంది, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుకేంద్ర భౌతికశాస్త్ర శాఖను నిలబెట్టారు. ఆయన భక్తి చదువుకు అడ్డు రాలేదు, చదువు భక్తికీ అడ్డు రాలేదు.

“అమ్మాయిని విశాఖ పంపు. నెలనెలా ఖర్చులో నా వంతు నేనిస్తాను” అన్నాను. తండ్రి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి ఆదివారం అదే సంఘం ముందు ఆ పాత ప్రసంగం తప్పని చెప్పి, ఆ అబ్బాయిని క్షమాపణ అడిగాను. అతడు సెలవుమీద వచ్చి, ఆ వెనుక చాపమీదనే ఉన్నాడు. ఈసారి తల దించుకోలేదు.

తలిదండ్రులారా, తోటి కాపరులారా, పిల్లలు చదువును గూర్చి మనలను అడిగినప్పుడు ముందు వారి మాట పూర్తిగా విందాము. తెలియనిదానిమీద తీర్పు చెప్పకుందాము.