అద్దె తగ్గింది, కారు బాడుగ పెరిగింది

కూకట్‌పల్లిలో రెండు గదులకి కట్టిన అద్దెతో అమలాపురం పక్క పల్లెలో పెంకుటిల్లు, పెరడు, నుయ్యి అన్నీ వచ్చాయి. పైగా చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. కూరల ఖర్చూ తక్కువే. పక్కింటి వదినగారు గోడమీంచి ఆనపకాయ అందిస్తారు; ఊరికే కాదు లెండి, మా అబ్బాయి జీతమెంతో రాబట్టాకే.

పింఛను ఆగకుండా ఉండాలంటే నవంబరులో బతికున్నట్టు రుజువు పంపాలి. వేలిముద్రలు అరిగిపోయి మిషనుకి చిక్కేవి కావు. 2021లో ఫోన్‌లో మొహం చూపించే పద్ధతొచ్చింది, బతికిపోయాం. సిగ్నలందే కొబ్బరిచెట్టు కింద నిలబడి కళ్లు ఆర్పితే, నేనింకా ఉన్నానని ఢిల్లీ ఒప్పుకుంటుంది.

భయమల్లా ఒంటితోనే. జ్వరానికి ఊళ్లో ఆరెంపీ ఉన్నాడు. గుండెలో కలుక్కుమంటే కాకినాడో రాజమండ్రో పరిగెత్తాలి. రైలెక్కుదామా అంటే అమలాపురానికి రైలే లేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పీకేసిన కాకినాడ–కోటిపల్లి పట్టాలు 2004లో తిరిగొచ్చాయి గానీ, గోదావరి దాటి ఇటు రాలేదు. అద్దెలో మిగిలినదాంట్లో సగం కారు బాడుగకే సరి. చౌక అని లెక్కేసినప్పుడు ఈ పద్దు ఎవరూ రాయరు.

అయినా తిరిగి వెళ్లాలని లేదు. ఇటు రావాలనుకునే స్నేహితులకి ఒకటే చెబుతున్నాను: సంక్రాంతికొచ్చి ముగ్గులు చూసి అడ్వాన్సు ఇచ్చేయకండి. ఆగస్టులో, వరద గట్టు దాకా వచ్చినప్పుడు, నాలుగు రోజులుండి చూడండి. మంచం మా ఇంట్లో వేస్తాం.